నోరు చెప్పలేనిది చెయ్యి చెప్పింది

మా పెద్దమ్మ ముగ్గు పెడుతోందంటే వీధిలో ఆడవాళ్ళు చీపుళ్ళు పక్కన పడేసి వచ్చి నిలబడేవాళ్ళు. పదిహేను చుక్కల మెలికల ముగ్గుని ఎక్కడా తెగకుండా తిప్పి, మొదలుపెట్టిన చోటికే తీసుకొచ్చి కలిపేసేది. అలాంటి మనిషి 1997లో ముగ్గు మానేసింది. ఇంటర్ చదువుతున్న పెద్దకొడుకు స్నేహితులతో కలిసి కాలవకి ఈతకెళ్ళాడు. మిగతావాళ్ళంతా వచ్చారు.

పెద్దకర్మ అయింది. చుట్టాలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దమ్మ ఏడవలేదు. మాట్లాడడం కూడా మానేసింది. వండేది, వడ్డించేది, అంట్లు తోమేది, అంతే. "ఒక్కసారి గట్టిగా ఏడువక్కా, బరువు తీరుతుంది" అని మా అమ్మ బతిమాలేది. "కన్నతల్లికి కంట తడే లేదు, చూశారా!" అని గుమ్మం దాటగానే అనేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతుంటే కాస్త మారుతుందేమోనని వేసవి సెలవులకి నన్ను అక్కడ వదిలారు. అప్పుడు నాకు పదేళ్ళు.

ఒకరోజు చీకటితో మెలకువ వచ్చి పెరట్లోకి వెళితే, పెద్దమ్మ నూతి చప్టా మీద గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తోంది. ఏడాది తిరగని ఇంట్లో వాకిట ముగ్గు పెడితే ఊరుకుంటారా? అందుకని పెరట్లో, ఎవరూ లేవకముందు. వెయ్యడం, కాసేపు దానివంకే చూడడం, రెండు చేదల నీళ్ళు కుమ్మరించి కడిగెయ్యడం. ముగ్గు ఎప్పటిలాగే అందంగా ఉంది గానీ, ఒక చుక్క బయట మిగిలిపోయింది. గీత దాని చుట్టూ వెళ్ళలేదు.

"పెద్దమ్మా, ఆ చుక్క మర్చిపోయావు" అన్నాను.

"మర్చిపోలేదులే. దాన్నక్కడే ఉండనీ" అంది. ఆ నెలలో ఆవిడ నాతో ఆడిన పెద్ద మాట అదే. మర్నాటి నుంచి నేనూ ఆవిడతోపాటే లేచి చప్టా పక్కన కూర్చునేదాన్ని. పొమ్మనలేదు, రమ్మనలేదు. రోజూ ముగ్గు మారేది. ఒక చుక్క మాత్రం బయటే ఉండేది.

దీన్ని కథగా రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో! రాలేదు. ఈమధ్య బొమ్మలతో, ఆటపాటలతో, రాతతో చేసే మానసిక చికిత్స గురించి చదువుతుంటే ఆ నూతి చప్టానే కళ్ళముందుకు వచ్చింది. 'ఆర్ట్ థెరపీ' అనే పేరు వినగానే మనకేదో కొత్త ఫ్యాషన్‌లా అనిపిస్తుంది. నిజానికి దాని వయసు ఎనభై ఏళ్ళు దాటింది. ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1938లో క్షయతో ససెక్స్‌లోని ఒక శానటోరియంలో మంచం పట్టాడు. ఊసుపోక కళ్ళముందున్న వస్తువులన్నీ గీస్తూ పోయాడు. అలా గీస్తున్నప్పుడు తన మనసు కుదుటపడుతోందని గమనించి, తోటి రోగులకీ పెన్సిళ్ళు పంచాడు. 1942లో ఆ పేరు పెట్టిందీ ఆయనే. అయితే నన్ను పట్టి ఆపింది ఆయన కాదు, బ్రెజిల్ దేశపు డాక్టరమ్మ ఒకావిడ.

కరెంటు మీట నొక్కనన్న డాక్టరమ్మ

ఆవిడ పేరు నీజీ ద సిల్వైరా. పుట్టింది 1905లో, ఈశాన్య బ్రెజిల్‌లోని మసేయోలో. బహియాలో వైద్యం చదివి 1926లో పట్టా పుచ్చుకుంటే, ఆ తరగతిలో 157 మంది మగవాళ్ళ మధ్య ఆడపిల్ల ఈమె ఒక్కతే. తర్వాత రియో డి జెనీరోకి వచ్చి పిచ్చాసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. ఈమె దగ్గర కమ్యూనిస్టు పుస్తకాలున్నాయని ఒక నర్సు ఫిర్యాదు చేస్తే 1936లో అరెస్టు చేశారు. ఏడాదిన్నర జైలు! బయటికి వచ్చినా ప్రభుత్వోద్యోగం తిరిగి దొరికింది 1944లోనే.

ఆ ఎనిమిదేళ్ళలో మానసిక వైద్యం కొత్త పుంతలు తొక్కింది. తలకి కరెంటు పెట్టడం, ఇన్సులిన్ ఎక్కించి స్పృహ తప్పించడం, మెదడులో నరాలు కోసెయ్యడం... ఇవీ ఆనాటి ఆధునిక చికిత్సలు. రియో శివార్లలో ఎంజెన్యో ది డెంట్రో ఆసుపత్రిలో చేరిన కొత్తలో, తోటి డాక్టరు ఒక రోగికి కరెంటు పెట్టి చూపించి, ఇంకొకర్ని తెచ్చి పడుకోబెట్టి, "ఇప్పుడు మీరు నొక్కండి" అన్నాడట. "నొక్కను" అన్నారీవిడ. ఈ సంగతి తర్వాత ఆవిడే చెప్పుకున్నారు.

(ఒక్క మాట. ఆనాటి కరెంటు చికిత్స వేరు, ఇప్పటిది వేరు. ఇప్పుడు మత్తిచ్చి, జాగ్రత్తలన్నీ తీసుకుని ఇస్తున్నారు. తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణాలు కాపాడుతుంది కూడా. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు అది రాస్తే ఈ వ్యాసం చూసి భయపడిపోకండి.)

మీట నొక్కనన్న డాక్టర్ని ఏం చేస్తారు? ఎవరూ పట్టించుకోని విభాగానికి పంపించారు. రోగులకి 'పని కల్పించే' విభాగం అది. పని అంటే ఏమిటనుకున్నారు? ఊడవడం, తుడవడం, కక్కసులు కడగడం. 1946లో ఆ విభాగం చేతికి రాగానే నీజీ చీపుళ్ళు తీయించేసి కుంచెలు, రంగులు, బంకమట్టి తెప్పించారు. ఆసుపత్రిలోనే పనిచేస్తున్న అల్మీర్ మావిన్యే అనే కుర్ర చిత్రకారుడు సాయం వచ్చాడు. నీజీ పెట్టిన షరతు ఒకటే: ఎవరికీ బొమ్మలు నేర్పొద్దు, ఎవరి బొమ్మా దిద్దొద్దు. రోగులని 'రోగి' అనడం కూడా మాన్పించారు. 'క్లయింటు' అనాలి, మనమే వాళ్ళకి సేవ చేసేవాళ్ళం అన్నారు. వీధికుక్కల్నీ పిల్లుల్నీ ఆసుపత్రిలోకి రానిచ్చి, మనుషుల్ని దగ్గరికి రానివ్వని రోగులకి వాటి ఆలనాపాలనా అప్పగించారు. వాటిని 'సహ వైద్యులు' అనేవారట. తోటి డాక్టర్లు నవ్వుకున్నారు.

అక్కడి వాళ్ళలో అడెలినా గోమెస్ అనే ఆమె గురించి మీకు చెప్పి తీరాలి. పేదింటి పిల్ల. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకబ్బాయిని ఇష్టపడితే తల్లి ఒప్పుకోలేదు. ఎదురు చెప్పలేని పిల్ల. లోలోపలికి ముడుచుకుపోయింది. ఒకరోజు ఇంట్లో అందరూ ముద్దు చేసే పిల్లిని పీక నులిమి చంపేసింది. 1937లో ఆసుపత్రిలో పడేశారు. ఎవరితోనూ మాట్లాడేది కాదు, దగ్గరికెళితే మీదికొచ్చేది. అలాంటి మనిషి చేతికి నీజీ మట్టి ఇస్తే భారీ ఆడబొమ్మలు చేసింది. తర్వాత రంగులు పట్టుకుని, ఆడమనిషి పువ్వుగా మారిపోతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయింది. గ్రీకు పురాణంలో డాఫ్నే అనే అమ్మాయి కథ ఉంది. వెంటపడిన దేవుడికి చిక్కకుండా చెట్టుగా మారిపోతుంది. డాఫ్నే పారిపోయింది దేవుడి నుంచైతే, అడెలినా పారిపోయింది బతుకు నుంచే అని నీజీ అర్థం చేసుకున్నారు. ఇష్టపడడమే తప్పయిపోయిన పిల్లకి, ఏ ఇష్టమూ లేని మొక్కగా ఉండడమే నయమనిపించింది మరి. అడెలినా ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు బతికింది, వేల బొమ్మలు వేసింది. చేతుల్లో మట్టి, రంగు ఉన్నంతసేపూ మునుపటి కోపం ఉండేది కాదట. పూర్తిగా నయమైపోయి, పెళ్ళి చేసుకుని, పిల్లాపాపలతో... అని రాస్తే అది నా కథల్లో ముగింపు అవుతుంది గానీ నిజం అవదు.

ఇంకో విచిత్రం. నీజీ దగ్గరున్న వాళ్ళలో చాలామంది, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, గుండ్రటి చక్రాల్లాంటి బొమ్మలు వేసేవారు. వాటి ఫొటోలు తీసి 1954లో స్విట్జర్లాండులో ఉన్న మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యుంగ్‌కి ఉత్తరం రాశారావిడ. ఇవి మండలాలే, చెదిరిన మనసు తనను తాను కూడగట్టుకునే ప్రయత్నం ఇది అని ఆయన భావం. 1957లో జ్యూరిక్‌లో జరిగిన మానసిక వైద్యుల మహాసభలో ఈ బొమ్మల ప్రదర్శన పెడితే, ప్రారంభించింది యుంగే. మన వాకిళ్ళలో రోజూ కనిపించేవి మండలాలు కావూ అని నాకనిపించింది. ఇది నా ఊహ మాత్రమే, ఏ శాస్త్రవేత్తా చెప్పినట్టు నేను చదవలేదు.

1952లో నీజీ ఆసుపత్రి ఆవరణలోనే ఆ బొమ్మలకి ఒక మ్యూజియం కట్టించారు. 'అచేతన మనసు చిత్రాల మ్యూజియం' అని పేరు. ఇప్పుడక్కడ మూడున్నర లక్షలకు పైగా చిత్రాలున్నాయి. ఆవిడ 1999లో కన్నుమూశారు. ఆవిడ జీవితం మీద 2015లో వచ్చిన సినిమాకి టోక్యో చిత్రోత్సవంలో పెద్ద బహుమతి కూడా వచ్చింది. మీట నొక్కనన్నందుకు పక్కకి నెట్టేసిన మనిషి మరి!

ఇది డ్రాయింగు క్లాసు కాదు

"నాకు గీత కూడా సరిగ్గా రాదండీ, నాకెందుకిది?" అంటారు చాలామంది. ఈ చికిత్సలో బొమ్మ బాగుండక్కర్లేదు. బాగుంటే ఒక్కోసారి అడ్డం కూడా. నలుగురూ మెచ్చుకునేలా వెయ్యాలనే ధ్యాసలో పడితే లోపలున్నది లోపలే ఉండిపోతుంది.

ఇందులో ముగ్గురుంటారు: మీరు, మీ చేతిలోంచి వచ్చిన వస్తువు, దాన్ని చూస్తూ పక్కన కూర్చునే శిక్షణ పొందిన మనిషి. ఆ మూడో మనిషి ముఖ్యం. 'నలుపు వేశావు కాబట్టి నీకు దిగులు, తలుపు లేని ఇల్లు వేశావు కాబట్టి నీకు భయం' అని జాతకం చెప్పినట్టు చెప్పేవాళ్ళు మంచి థెరపిస్టులు కారు. మంచి థెరపిస్టు "ఇదేమిటో మీరే చెప్పండి" అంటారు. చెప్పలేకపోతే ఆగుతారు. బాధని నేరుగా చెప్పమంటే గొంతుకడ్డం పడుతుంది. అదే కాగితం మీద పడితే, 'నా' గురించి కాకుండా 'దాని' గురించి మాట్లాడొచ్చు. చిన్నపిల్లల విషయంలో ఇది మరీ పనికొస్తుంది, వాళ్ళకి జరిగినదానికి పేరే తెలియకపోవచ్చు కదా.

పిల్లలంటే ఫ్రీడల్ డిక్కర్-బ్రాండైస్ గుర్తొస్తారు. ఈ యూదు చిత్రకారిణిని 1942లో నాజీలు తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. మనలాంటి వాళ్ళమైతే ఆ కాస్త సామానులో బట్టలో గిన్నెలో సర్దుకుంటాం. ఆవిడ బొమ్మలు వేసుకునే సరంజామా సర్దుకెళ్ళారు. శిబిరంలో తల్లిదండ్రులకి దూరమైన పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు వేయించారు. 1944 అక్టోబరులో ఆవిడని ఆష్విట్జ్‌కి తరలించి చంపేశారు. వెళ్ళేముందు పిల్లల బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో దాచి వెళ్ళారు. సుమారు 4,500 బొమ్మలు. ఆ పిల్లల్లో చాలామంది బతకలేదు. బొమ్మలు ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆవిడ శిష్యురాలు ఎడిత్ క్రామర్ అంతకుముందే అమెరికా చేరి, పిల్లలకి చేసే ఆర్ట్ థెరపీకి పునాది వేసిన వాళ్ళలో ఒకరయ్యారు.

బొమ్మలొక్కటే కాదు. వియన్నాలో 1920లలో జేకబ్ మొరెనో నాటకాన్ని చికిత్సగా మలిచారు. సంగీతంతో, నాట్యంతో చేసేవి ఉన్నాయి. మన దేశంలో సోహిని చక్రవర్తి 2004లో మొదలుపెట్టిన 'కోల్‌కతా సన్వేద్' సంస్థ, వ్యభిచారంలోకి అమ్మేస్తే బయటపడిన ఆడపిల్లలతో నాట్యం ద్వారా పనిచేస్తోంది. తన ఒంటిని తానే అసహ్యించుకునే స్థితిలో ఉన్న పిల్లకి ఆ ఒంటితోనే మళ్ళీ స్నేహం కుదర్చడం! నాలుగు గోడల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి చెప్పే మాటల వల్ల అయ్యే పనేనా అది?

రుజువులేవీ అంటారా? ఫిలడెల్ఫియాలో గిరిజా కైమల్ బృందం 2016లో 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలు బంకమట్టి, రంగులు, కాగితం ముక్కలతో ఇష్టమొచ్చినది చేయించి, ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ ఎంతుందో చూశారు. ఒత్తిడిలో పెరిగే హార్మోను అది. నాలుగింట మూడొంతుల మందిలో తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ తేడా లేదు. మిగతా నాలుగో వంతు మందిలో తగ్గలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలూ ఆరోగ్యం మీద 900కు పైగా ప్రచురణల్ని పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. ఉపయోగం ఉందనే చెప్పింది గానీ, మందుల బదులు అనలేదు.

పాల లెక్కల పుస్తకం వెనక పేజీలు

ఇప్పుడు నా సంగతి. రెండోసారి నాలుగో నెలలో నాకు గర్భం పోయింది. "ఇంకా పుట్టనే లేదుగా, దానికింత ఏడుపా? ఒకడున్నాడు కదా, వాణ్ణి చూసుకో" అన్నారు అందరూ, ప్రేమగానే. నేనూ అలాగే అనుకుని పనుల్లో పడ్డాను. రాత్రి నిద్ర పట్టేది కాదు. కుక్కరు విజిల్ వస్తే ఉలిక్కిపడేదాన్ని. రెండు నెలలు చూసి మా వారే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన కొద్దిగా మందులు రాసి, అక్కడే ఉన్న కౌన్సెలర్ దగ్గరికి పంపించారు. ఆ అమ్మాయి నాకన్నా చిన్నది. నేను కథలు రాస్తానని విని, "అయితే కథ రాయకండి. ఉన్నదున్నట్టు రాయండి, రోజుకి పదిహేను నిమిషాలు, నాలుగు రోజులు" అంది.

దీని వెనకా ఒక ప్రయోగం ఉందని తర్వాత తెలిసింది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో 46 మంది కాలేజీ విద్యార్థులచేత ఇలాగే నాలుగు రోజులు రాయించారు. తమకు జరిగిన బాధాకరమైన సంఘటననీ, దాని గురించి తమ మనసులో ఉన్నదాన్నీ రాసినవాళ్ళు ఆ తర్వాత నెలల్లో కాలేజీ ఆసుపత్రి గడప ఎక్కడం తగ్గింది. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్ళ దిగులు పెరిగింది. ఇది చాలామంది చెప్పరు. రాయగానే మనసు దూదిపింజ అయిపోతుందనుకుని కూర్చుంటే హతాశులవుతారు.

పిల్లాడు స్కూలుకీ ఆయన ఆఫీసుకీ వెళ్ళాక, పాల లెక్కల పుస్తకం తిరగేసి వెనక పేజీల్లో మొదలుపెట్టాను. మొదటి రోజు కిరాణా చీటీ లాంటిదే వచ్చింది. రెండో రోజు మా అత్తగారి మీద కోపం. మూడో రోజు ఏమీ రాలేదు. నాలుగో రోజు, బిడ్డకి పెడదామనుకున్న పేరు రాశాను. అప్పటిదాకా ఆయనకి కూడా చెప్పని పేరు. మధ్యాహ్నం దాకా లేవలేకపోయాను.

తర్వాతి వారం ఆ పుస్తకం కౌన్సెలర్‌కి ఇవ్వబోతే తీసుకోలేదు. "మీకు చదవాలనిపించిన ఒక్క వాక్యం చదవండి చాలు" అంది. పేరు చదివాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ఫ్యాను చప్పుడు వినిపించేంత సేపు ఊరుకుంది. నూతి చప్టా పక్కన నేను ఊరికే కూర్చున్న రోజులు నాకు అర్థమైంది అప్పుడే.

ఆర్నెల్ల తర్వాత ఇదే ఇతివృత్తంతో కథ రాశాను. అచ్చయింది, పాఠకులు మెచ్చుకున్నారు. కానీ ఆ కథలో నాయిక చివరికి మొక్క నాటి ఓదార్పు పొందుతుంది. నేనేమీ నాటలేదు. కథ నలుగురికోసం ముస్తాబైంది, పాల పుస్తకం ముస్తాబవలేదు. రాసేవాళ్ళందరికీ రాతే మందు అనే మాట వింటే నాకు అందుకే అనుమానం.

మరి, రాసింది ఇంట్లో ఎవరైనా చదివితే? మన ఇళ్ళలో ఇది చిన్న సమస్యేం కాదు. సొంత బీరువా తాళం కూడా లేని వాళ్ళం చాలామందిమి. రాసి చించెయ్యొచ్చు, బకెట్లో నానబెట్టి పారబొయ్యొచ్చు. దాచుకోవాలని ఏమీ లేదు, పెన్నెబేకర్ కూడా అదే అంటారు. పడుకోబోయే ముందు మాత్రం రాయకండి, నిద్ర చెడుతుంది. రాస్తుంటే ఊపిరాడనట్టయితే ఆపెయ్యండి, తేలికైన విషయానికి మారండి. నిన్నమొన్న జరిగిన దుఃఖమైతే కొన్నాళ్ళు ఆగండి.

ముగ్గుతో సరిపెట్టుకోకూడనివి

పెద్దమ్మ మళ్ళీ నలుగురితో మాట్లాడడానికి దగ్గర దగ్గర మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఒక్కరం కూడా ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. 'అదే సర్దుకుంటుంది' అన్నాం. ఆవిడ బతికి బయటపడింది కాబట్టి ఈ వ్యాసంలో ముగ్గు గురించి ముచ్చటగా రాయగలుగుతున్నాను. నుయ్యి పక్కనే కూర్చునేదని తలచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం, బాలింతకి బిడ్డని చూస్తే భయమో కోపమో కలగడం, లేని మాటలు వినిపించడం... వీటికి రంగుల డబ్బా కొనిచ్చి ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చచ్చిపోవాలన్న మాట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. 14416కి ఫోను చేస్తే 'టెలి మానస్' వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన సేవ ఇది, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎర్రగడ్డ అంటే వెక్కిరింతగా వాడడం ఇకనైనా మానేస్తే బాగుండును, అవసరమైనవాళ్ళు సిగ్గుపడి ఆగిపోతున్నారు. ఇక ఆర్ట్ థెరపిస్టునని బోర్డు పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి వెళితే, సైకాలజీ ఎక్కడ చదివారో, ఎవరి దగ్గర తర్ఫీదు పొందారో మొహమాటం లేకుండా అడగండి. వారాంతం వర్క్‌షాపు సర్టిఫికెట్టు చూపించేవాళ్ళకి మీ దుఃఖం అప్పజెప్పకండి.

మొన్న సంక్రాంతికి పెద్దమ్మ దగ్గరికెళ్ళాను. డెబ్బై దాటాయి. వేళ్ళు వంగక, ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేయించుకుని కోడలిచేత ముగ్గు వేయిస్తోంది, పక్కనుంచి తిడుతూ. నీజీ గురించి మొత్తం చెప్పాను. జైలు, మట్టిబొమ్మలు, పువ్వుగా మారిన పిల్ల, అన్నీ. శ్రద్ధగా విని, "ఏమే, ఆసుపత్రిలో పిల్లుల్ని పెంచిందా ఆవిడ? బొచ్చు రాలదూ?" అంది. కాసేపాగి, "ఆ మట్టి మనకిక్కడ దొరుకుతుందా?" అని అడిగింది.